ఎవరూ వెతకని జ్వరం

కాలుతున్న ఒంటిమీద వేసిన తడిగుడ్డకు ఒక వాసన ఉంటుంది. నూలు వేడెక్కి, చెమటతో కలిసి, సగం ఆరి, మళ్ళీ తడిసినప్పుడు వచ్చే వాసన. మొన్న మా పక్కింటి పాపకు జ్వరమని చూడబోయాను. వాళ్ళమ్మ పాత తువ్వాలు తడిపి పిల్ల నుదుటిమీద వేసి కూర్చుని ఉంది. గడప దాటగానే ఆ వాసన తగిలింది. పాపకు ఏమీ కాలేదు, మూడోనాటికి లేచి వీధిలో ఆడుకుంటోంది. నేను మాత్రం ఇంటికొచ్చి చాలాసేపు ఏ పనీ చెయ్యలేక కూర్చుండిపోయాను. దస్తగిరమ్మ మేడమ్ గుర్తొచ్చారు. ఆమె పోయి ఇన్నేళ్ళయింది కదా, ఇప్పటికైనా దుఃఖం రావాలి. రాలేదు. ఎప్పటిలాగే కోపం వచ్చింది. ఆమెను చూడవలసినవాళ్ళు చూడకపోవడం మీద కోపం.

మేడమ్‌ను ఎరగనివాళ్ళకోసం మొదట్నుంచి చెబుతాను. తొంభైల చివర్లో కుందుర్పి దగ్గర ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలలో నాకు లెక్కల టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. దస్తగిరమ్మ మేడమ్ అక్కడ ప్రధానోపాధ్యాయురాలు. సొంతూరు కదిరి. వాళ్ళ నాన్న వీధివీధీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. ఆ ఇంట్లోంచి కాలేజీకి పోయిన మొదటి మనిషి ఈమె. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. తమ్ముడు మస్తాన్‌వలి కదిరిలో పరుపుల దుకాణం నడిపేవాడు. మేడమ్ బడి పక్కనే ఒక చిన్న అద్దె ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. వరండాలో ఆ చివర నిలబడి మాట్లాడితే ఈ చివర తరగతిలో పిల్లలు సర్దుకు కూర్చునేవాళ్ళు.

నేను చేరిన రోజున ఆమె గదిలో నిలబడి ఉంటే తలెత్తి, "యాడ నీది?" అన్నారు.

"వజ్రకరూరు మేడమ్."

"ఓ, వానొస్తే వజ్రాలు ఎతికే ఊరు. అయితే నీకు వంగి చూసేది వచ్చుంటాది. కూర్చో."

ఆమె నన్ను ఎగతాళి చేస్తున్నారేమో అనుకుని ముడుచుకుపోయాను. ఆమె ఎవరినైనా అంతకన్నా పెద్దగా మెచ్చుకోరని తెలియడానికి కొంతకాలం పట్టింది.

ఆమె చెప్పే పాఠం జీవశాస్త్రం. పుస్తకం కన్నా చేనులోనే ఎక్కువ చెప్పేవారు. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరంతా చెనిక్కాయ, అదే వేరుశనగ పంట వాడిపోతోంది. మా బడి పిల్ల ఒకతె ఫీజు కట్టలేక మానేస్తానంటే, మాట్లాడదామని మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ చేనికి పోయారు. పిల్ల తండ్రి గట్టుమీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏముండాది మేడమ్ చెప్పేదానికి? వాన రాలే. కరువు. అంతే," అన్నాడు.

మేడమ్ చుట్టూ చూశారు. "వాన నీ చేనికొక్కదానికే రాలేదా అప్పా? ఆ పక్క చేను గూడా వాడింది గానీ, ఇట్ల చచ్చిపోలేదే?" అంటూ చెప్పులు విడిచి చేనులోకి దిగి ఒక మొక్కను పట్టి లాగారు. మన్ను పట్టు లేకుండా చేతిలోకి వచ్చేసింది. వేరు కొరికేసి ఉంది. అక్కడే కూర్చుని పుల్లతో తవ్వితే తెల్లగా, బొద్దుగా, వంకర తిరిగి పడుకున్న వేరుపురుగు కనబడింది. మరో మొక్క లాగారు, మరో పురుగు. ఆ మనిషి లేచి వచ్చి నోరు తెరుచుకుని చూశాడు. ఆ ఏటి పంట ఎలాగూ పోయింది. కానీ తర్వాతి ఏడు ముందే దుక్కి లోతుగా దున్ని, మందు కలిపి విత్తుకున్నాడు. పిల్ల బడి మానలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేడమ్ దారిపొడవునా గొణుగుతూనే ఉన్నారు. "కరువు అనే మాట ఒకటి దొరికినాక మనం వంగేది మానేస్తాం లక్ష్మీ. ఆయప్ప తప్పు గాదు. ఆఫీసరు వచ్చి జీపులోంచి దిగకుండానే కరువు అని రాసుకుని పాయె. ఆ ఆఫీసరును అనాల."

ఆమె కోపం ఎప్పుడూ అలాగే ఉండేది. ఎదురుగా ఉన్న చిన్నవాడిమీద పడేది కాదు. ఎవరికి చూసే బాధ్యత ఉందో వాళ్ళమీదికి నేరుగా పోయేది.

రెండువేల సంవత్సరం దాటాక మేడమ్ చిక్కిపోవడం మొదలైంది. సాయంత్రాలు జ్వరం వచ్చేది. అన్నం రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని కంచం పక్కకు జరిపేవారు. టౌన్లో ఒక నర్సింగ్ హోం ఉండేది, చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే పోయేవి. అక్కడి డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. గ్లూకోజు ఎక్కించాడు. తగ్గలేదు. మళ్ళీ టైఫాయిడ్ అన్నాడు. మళ్ళీ గ్లూకోజు. రక్త పరీక్షలో తెల్లకణాలు ఉండవలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తే, "రక్తంలో ఇన్ఫెక్షన్ బాగా పాకింది" అని ఇంకా గట్టి మందులు రాశాడు. నెలలు గడిచాయి. ఆ నెలల్లో ఆ డాక్టరు ఒక్కసారి కూడా ఆమె కడుపుమీద చెయ్యి వేసి చూడలేదు. నేను ప్రతిసారీ ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

చివరకు మస్తాన్‌వలి వచ్చి బలవంతంగా బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. అక్కడ ఒక నడివయసు డాక్టరు ఆమెను పడుకోబెట్టి ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టాడు. ఆయన మొహం మారడం నాకు కనిపించింది. ప్లీహం ఉబ్బి బొడ్డుదాకా దిగి ఉందట. తుంటి ఎముకలోకి సూది దించి మజ్జ తీసి పరీక్ష చేశారు. రక్త కేన్సరు అన్నారు. ఇది నిదానంగా నడిచే రకమనీ, మందుతో కణాల లెక్క అదుపులో పెట్టుకుంటే కొన్నేళ్ళు మామూలుగా బతకవచ్చనీ చెప్పారు.

మస్తాన్‌వలి గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. మేడమ్ మాత్రం డాక్టరునే చూస్తూ, "సార్, ఈ గడ్డ మాదిరిది చేతికే తగుల్తాదా? మిషను ఏమీ అక్కర్లేదా?" అని అడిగారు.

"చేతికే తగులుతుందమ్మా. ఎవరు చెయ్యి పెట్టినా."

"ఎవురు పెట్టినా," అని ఆమె మళ్ళీ అన్నారు. కేన్సరు అనే మాటకు చెదరని మొహం ఈ మాటకు చెదిరింది.

మందు పనిచేసింది. క్యాప్సూళ్ళు మింగుతూ మేడమ్ బడికి తిరిగి వచ్చారు. ఊళ్ళో ఎవరూ జబ్బు పేరు పలికేవారు కాదు, ఆమే పలికేవారు. తరగతిలో రక్తం పాఠం వచ్చినప్పుడు, "తెల్లకణాలు మన సైన్యం అని పుస్తకంలో రాసినారు. నా ఒంట్లో సైన్యం శానా ఎక్కువైపోయి ఊరిని దోచుకుంటాండాది," అని నవ్వుతూ చెప్పారు. పిల్లలు బిక్కచచ్చి చూశారు. తర్వాత ఒకరి వెనుక ఒకరు ప్రశ్నలు అడగసాగారు. ఆ గంట అలా ప్రశ్నలతోనే అయిపోయింది.

ఏడాది అలా గడిచాక నడుము నొప్పి మొదలైంది. బెంగళూరు దూరం కాబట్టి నొప్పికని ఆ నర్సింగ్ హోంకే పోవలసి వచ్చింది. రోజూ ఒక ఇంజెక్షను, కుడి పిరుదుకు. నొప్పి కొంత తగ్గింది. కొన్నాళ్ళకు జ్వరం వచ్చింది. ఈసారి సాయంత్రం వచ్చిపోయే నలత కాదు. పళ్ళు కొట్టుకునేంత వణుకు, తర్వాత పెనం మీద నీళ్ళు చల్లినట్టు చెమట. తుంటిలో నొప్పి. ఒత్తిగిలి పడుకోలేకపోతున్నారు. ఆమె ఇంట్లో నేను తువ్వాళ్ళు తడిపి నుదుటిమీద వేసేదాన్ని. వేసిన కాసేపటికే వేడెక్కిపోయేవి.

నర్సింగ్ హోంలో రక్తం తీశారు. తెల్లకణాలు మళ్ళీ విపరీతంగా పెరిగాయి. డాక్టరు కాగితం చూసి పెదవి విరిచాడు. "కేన్సరు ముదిరింది. మా చేతుల్లో ఏం లేదు, బెంగళూరుకు తీసుకుపోండి," అన్నాడు.

బెంగళూరులో మొదటిసారి చూసిన డాక్టరు అప్పుడు లేడు. వార్డు కిటకిటలాడుతోంది. ఒక కుర్ర డాక్టరు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఫైలు తిరగేశాడు.

"కౌంట్ ఇలా పెరిగిందంటే జబ్బు తర్వాతి దశకు పోయినట్టే. ఈ జ్వరం దానివల్లే," అన్నాడు.

"తుంటిలో ఒకటే నొప్పి సార్. ముట్టుకోనివ్వడం లేదు," అన్నాను.

"అక్కడే కదమ్మా మజ్జ తీసింది. ఎముకల్లో నొప్పి ఈ జబ్బుకు మామూలే."

మజ్జ తీసి ఏడాది దాటింది. ఆ మాట చెప్పేలోపల అతను పక్క మంచానికి పోయాడు. కొన్ని రక్త పరీక్షలు చేశారు, ఏమీ తేలలేదన్నారు. కొన్నాళ్ళకు అతనే వచ్చి, కారణం తెలియని జ్వరమనీ, ఇక ఆసుపత్రిలో ఉంచి లాభం లేదనీ, ఇంటికి తీసుకుపోయి ఆమెకు ఇష్టమైనది పెట్టమనీ మస్తాన్‌వలితో మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పినా మేడమ్‌కు వినబడింది.

"ఏమి నాయనా, తెలీదంటాండావా?"

"అవునమ్మా. అన్నీ చూశాం."

"ఏమేమి చూసినారు? నన్నైతే చూడలే. నువ్వు ఈ మంచం కాళ్ళకాడ్నించి ఈ పక్కకు ఒక్క తూరి గూడా రాలే. తెలీకపోయేది వేరే, చూడకపోయేది వేరే. నువ్వు చూడకుండా తెలీదంటాండావు."

మస్తాన్‌వలి చేతులు జోడించాడు. "అక్క జ్వరంలో మాట్లాడతాండాది సార్, మనసులో పెట్టుకోవద్దండి."

ఆ కుర్రవాడు నాకిప్పటికీ గుర్తు. చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. కసిరి పొమ్మంటే మనిషి తిరగబడతాడు. ఇంత మర్యాదగా, ఇంత జాలిగా చావమని పంపిస్తే దండం పెట్టి వచ్చేస్తాడు. మేమూ దండం పెట్టే వచ్చాం.

ఊరికి తెచ్చాక చుట్టాలు రావడం మొదలైంది. కదిరి నుంచి ఆడవాళ్ళు వచ్చి మంచం చుట్టూ కూర్చుని ముక్కు చీదుతుంటే మేడమ్ కళ్ళు తెరిచి, "ఎవురు పోయినారని ఏడుస్తాండారు?" అని కసిరారు. అందరూ బయటికి పోయాక నన్ను దగ్గరికి పిలిచారు. నోరు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు.

"లక్ష్మీ, రేపు నన్ను అనంతపురం తీసకపో."

"ఎవరి దగ్గరికి మేడమ్?"

"ఎవురైనా సరే. నాకు కేన్సరుండాదని తెలీనోడి కాడికి తీసకపో. నువ్వు చెప్పొద్దు, మస్తాన్‌ను చెప్పనియ్యొద్దు. ఆ పేరు ఇన్నారంటే ఎవురూ ఇంక నన్ను చూడరు."

నాకు భయం వేసింది. డాక్టరు దగ్గర జబ్బు దాచడమేమిటి? ఏదైనా జరిగితే? ఆమాటే అన్నాను. "ఇంతకన్నా ఏం జరుగుతాది?" అన్నారు. మర్నాటికి జీపు మాట్లాడాను.

అనంతపురంలో ఒక ముసలి సర్జన్ ఉండేవాడు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి దిగిపోయి తన ఇంటి ముందుగదిలోనే రోగులను చూసేవాడు. జీపు వెనుక సీటులో మేడమ్‌ను పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆయన అడిగినవాటికి ఆమే జవాబు చెప్పారు. జ్వరం, వణుకు, తుంటిలో నొప్పి. అంతే చెప్పారు. ఆయన నాడి చూశాడు, కళ్ళు చూశాడు, రొమ్ము విన్నాడు, కడుపు నొక్కాడు. తర్వాత, "బోర్లా తిరుగమ్మా," అన్నాడు.

ఇన్ని వారాల్లో ఆమెతో ఆ మాట అన్న మొదటి డాక్టరు ఆయన.

చీర కాస్త జరిపి కుడి పిరుదుమీద బొటనవేలితో లోతుగా నొక్కాడు. మేడమ్ పెట్టిన కేక వీధిలోకి వినబడి ఉంటుంది. పైకి వాపు పెద్దగా లేదు, చర్మం కాస్త ఎర్రగా మెరుస్తోంది. "ఇక్కడ ఇంజెక్షన్లు చేయించుకున్నావా?" అని అడిగాడు. లావుపాటి సూది తీసుకుని లోపలికి గుచ్చి లాగాడు. సిరంజి నిండా చీము వచ్చింది. పచ్చగా, చిక్కగా. ఆ గదిలో మస్తాన్‌వలి గబుక్కున నేలమీద కూర్చుండిపోయాడు.

"లోపల పెద్ద గడ్డ ఉంది. కోసి చీము తీసేయాలి," అన్నాడు సర్జన్.

అప్పుడు మేడమ్ తల పక్కకు తిప్పి, "సార్, ఇప్పుడు చెప్తా ఇనండి. నాకు రక్త కేన్సరు ఉండాది," అన్నారు.

ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. "ఇది దాచే విషయమా? రక్తం ఆగకపోతే ఎవరు దిక్కు? ముందే చెప్పాలి కదా!"

"కత్తి పట్టకముందే చెప్పినా గదా. మొదట్లోనే చెప్పింటే మీరు గూడా నన్ను బోర్లా తిప్పిండరు."

ఆయన చేతులు కడుక్కుంటూ, మా వైపు చూడకుండానే, "తిప్పకపోయేవాణ్ణేమో," అన్నాడు. తర్వాత మళ్ళీ రక్త పరీక్షలన్నీ చేయించి, రక్తం సిద్ధం చేసుకుని, గడ్డ కోశాడు. చిన్న చెంబెడు చీము వచ్చింది. వారం తిరక్కుండా జ్వరం దిగిపోయింది. పెరిగిన తెల్లకణాలు కూడా చాలావరకు దిగివచ్చాయి. కేన్సరు ఎక్కడికీ పోలేదు. కానీ ఆ పూట ఆమెను చంపుతున్నది కేన్సరు కాదు.

ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు పిచ్చెక్కినట్టు ఉంటుంది. ఆమెకు కేన్సరు ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ అన్నారు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కేన్సరు అన్నారు. రెండుసార్లూ తెల్లకణాల లెక్క రాసిన కాగితం చదివారు, రెండుసార్లూ మనిషిని ముట్టుకోలేదు. మొదటిసారి చెయ్యి కడుపుమీద పెట్టి ఉంటే చాలు. రెండోసారి బోర్లా తిప్పి ఉంటే చాలు. దీనికి పెద్ద చదువు కావాలా? పట్నం కావాలా? అవతల ఉన్నది మనిషి అన్న ధ్యాస కావాలి. అది లేకనే ఇదంతా.

కోలుకున్నాక మేడమ్ నన్ను తీసుకుని నర్సింగ్ హోంకు పోయారు. డాక్టరు ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు. పోయిందనుకున్నాడు కాబోలు.

"డాక్టరు గారూ, మీరు పొడిచిన చోటే చీము పట్టింది. నేను దానికి రాలేదు, ఎవురికైనా పడుతుందంట. నన్ను ఒక్క తూరైనా తిప్పి చూసినారా అని అడగడానికి వచ్చినా."

"మీకున్న జబ్బుకు ఎవరైనా అలాగే అనుకుంటారు మేడమ్."

"అనుకునేదాని గురించి నేను అడగలే. చూసినారా లేదా?"

అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఎందుకు మేడమ్ ఇప్పుడదంతా? బాగానే ఉన్నారు కదా."

మేడమ్ లేచి వచ్చేశారు. బస్సులో కిటికీ వైపు కూర్చున్నారు. మొహం ఎర్రబడి ఉంది. జ్వరం వచ్చిందేమోనని చెయ్యి పట్టుకు చూశాను. చల్లగా ఉంది.

ఆ తర్వాత బెంగళూరులో కొత్తగా వచ్చిన ఒక మాత్ర మొదలుపెట్టారు. అప్పట్లో అందరికీ అందేది కాదు, అదృష్టవశాత్తూ ఈమెకు అందింది. కొన్నేళ్ళు బాగా గడిచాయి. రిటైరై కూడా మా బడి ఉన్న ఊరు వదల్లేదు. ఆ ఏళ్ళల్లోనే మా బడిలో మధ్యాహ్నం వంట చేసే హనుమక్క భర్తకు కూడా రక్త కేన్సరని తేలింది. ఒకనాడు అతనికి జ్వరం తగిలి మాట పడిపోతుంటే, మేడమ్ జీపు మాట్లాడి నన్నూ ఎక్కించుకుని ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. గుమ్మం దగ్గర కాగితాలు రాసుకునే డాక్టరు, "ఏం జబ్బు?" అని అడిగాడు. హనుమక్క అమాయకంగా, "కేన్సరు సామీ," అంది.

"ఆ..." అన్నాడతను. కలం కింద పెట్టేశాడు. వరండాలో పడుకోబెట్టమన్నాడు. తర్వాత ఎవరూ రాలేదు. మధ్యాహ్నం కాకముందే హనుమక్క భర్త ఆ వరండాలోనే పోయాడు. అతనికి వచ్చింది ఏ జ్వరమో, తగ్గేదో తగ్గనిదో ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు.

మేడమ్ ఆ డాక్టరు గది ముందు నిలబడ్డారు. బడి వరండాను గడగడలాడించిన గొంతు అది.

"ఆ అన్నావే, ఆ అంటే ఏమప్పా అర్థం? నాకు చెప్పు. కేన్సరున్నోనికి మలేరియా రాదా? న్యుమోనియా రాదా? గడ్డ కాదా? కేన్సరు వచ్చినోడు ఇంక దేనికీ మందడగగూడదని యాడన్నా రాసుండాదా? లోపల్నుంచి పిలువు నీ పైయోళ్ళను. ఆ ఆడమనిషికి అర్థం చెప్పండి మీరు!"

జనం మూగారు. ఎవరో వచ్చి ఆమెను పక్కకు జరపబోయారు. ఆమె జరగలేదు. అర్థం ఎవరూ చెప్పలేదు.

మరి కొంతకాలానికి మాత్ర పనిచెయ్యడం తగ్గింది. తెల్లకణాలు పెరగసాగాయి. వెంబడే జ్వరం వచ్చింది. మళ్ళీ బెంగళూరు. ఈసారి ఆమెను చూసింది ఒక ఆడ డాక్టరు. చిన్న వయసు, మా బడిలో చదివిన పిల్లలా ఉంది. మొదటిరోజే కుర్చీ మంచం పక్కకు లాక్కుని కూర్చుంది. తల నుంచి పాదం దాకా చూసింది. చెప్పకుండానే బోర్లా తిప్పింది, పాత మచ్చ మీద వేళ్ళు పెట్టి అడిగి తెలుసుకుంది. నోరు, పళ్ళు, చంకలు, వేళ్ళ సందులు. రక్తంలో క్రిములు పెరుగుతాయేమోనని పదేపదే చూశారు, ఊపిరితిత్తుల ఫోటో తీశారు, మజ్జ కూడా మళ్ళీ తీశారు. జబ్బు ముదిరిన మాట నిజమే, కానీ జ్వరానికి అది ఒక్కటే కారణమా, ఇంకేమైనా ఉందా అన్నది తేలలేదు. ఆ పిల్ల ఒకటొకటిగా మందులు మార్చి చూసింది. జ్వరం దిగలేదు.

ఒకరోజు పొద్దున వచ్చి కూర్చుని, మేడమ్ చెయ్యి పట్టుకుని చెప్పింది. "నాకు తెలిసినవన్నీ చూశాను మేడమ్. మా పెద్దవాళ్ళను కూడా తీసుకొచ్చి చూపించాను. ఈ జ్వరం ఎందుకొస్తోందో నాకు తెలియడం లేదు."

మేడమ్ ఆ పిల్ల మొహం కేసి చూసి, "సరేమ్మా," అన్నారు. ఆమె అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు. "నువ్వు తిన్నావా? మొహం పీక్కపోయుండాది. పో, పొయ్యి తిను."

ఆ పిల్ల బయటికి పోగానే నాకు ఆగలేదు. వేరే ఆసుపత్రికి పోదామన్నాను. అనంతపురం సర్జన్ దగ్గరికి పోదామన్నాను. వీళ్ళంతా ఒకటేననీ, తెలియదు అనే మాట విననని చెప్పింది మీరే కదా అనీ గొంతు పెంచాను.

"అరవొద్దు," అన్నారు మేడమ్. "తెలీదనే మాట ఇననని నేనెప్పుడు చెప్పినా? చూడకుండా అంటే ఇనను. ఆ పిల్ల చూసింది. చూసి, నా మొహమ్మీద చెప్పింది. దానికెంత ధైర్యం కావల్లో నీకు తెలుసునా? ఆ పిల్ల మీద కోప్పడినావంటే నేను ఒప్పుకోను."

"మరి నా కోపం ఎక్కడ పెట్టుకోవాలి మేడమ్?"

"దాచి పెట్టుకో. ఇంకా శానామంది ఉండారు. అక్కరకొస్తాది."

ఆ వారంలోనే పోయారు. కదిరిలో వాళ్ళ నాన్న పక్కన పెట్టారు. మస్తాన్‌వలి తన చేతులతో మన్ను పోస్తూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బెంగళూరు నుంచి ఆ ఆడ డాక్టరు ఫోను చేసింది. ఆమె కూడా ఏడ్చింది. నర్సింగ్ హోం ఇప్పుడు రెండంతస్తులు లేచింది. ఆ డాక్టరు కొడుకు కూడా డాక్టరై అక్కడే కూర్చుంటున్నాడని విన్నాను.

గురువుల గురించి రాసేవాళ్ళు వాళ్ళ దగ్గర ఓర్పు నేర్చుకున్నామని రాస్తుంటారు. మా మేడమ్ నాకు ఓర్పు నేర్పలేదు. ఇన్నేళ్ళయింది, క్షమించెయ్యరాదా అని నన్ను అడిగేవాళ్ళున్నారు. నేను క్షమించలేదు. పదిమందిని చూడవలసిన చోట కూర్చుని చూడకుండా ఉన్నవాళ్ళను క్షమించడానికి నేనెవరిని? హనుమక్కను అడగాలి.

పోయిన నెల మా అత్తగారికి జ్వరమని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు బల్ల వెనుక కూర్చుని కంప్యూటరులో రిపోర్టు చూస్తూ, "వయసు ఎనభై దాటింది కదమ్మా, ఈ వయసులో ఇవన్నీ మామూలే," అని మందులు రాసి కాగితం నా వైపు తోశాడు. మా అత్తగారు ఆ మూల మంచంమీద పడుకుని మూలుగుతోంది. నేను కాగితం తీసుకోలేదు. "ఆమెను చూడండి సార్," అన్నాను. బయట చాలామంది ఉన్నారన్నాడు. "ఉంటారు. ఈమెను చూడండి," అన్నాను. నర్సు వచ్చి నా భుజం తట్టింది. వెనుక తలుపు తెరిచి ఎవరో తొంగిచూసి విసుక్కున్నారు.  నేను పుట్టుకతో ఇలాంటి మనిషిని కాను. అయినా కుర్చీలోంచి లేవలేదు. చివరకు ఆయనే లేచి మంచం దగ్గరికి వచ్చాడు.